అందరికీ సరిపోయే కోటు

కోటు కొనేటప్పుడు ముందు చూడాల్సింది భుజాలు. నడుము దగ్గర వదులుంటే కుట్టి బిగించవచ్చు, చేతులు పొడుగైతే లోపలికి మడిచి కుట్టవచ్చు, ప్యాంటు సంగతి అసలు ఆలోచించనే అక్కర్లేదు. భుజాలు తేడా వచ్చాయంటే మాత్రం కోటు మొత్తం విప్పదీసి మళ్ళీ కుట్టాలి, ఆ కూలి డబ్బుకి ఇంకో కోటు వస్తుంది. కొత్తది కొనే తాహతు లేక పాత కోట్ల కొట్టుకి వెళ్ళినవాళ్ళయితే ఈ సంగతి మరీ గట్టిగా గుర్తుపెట్టుకోవాలి. ఆ రోజు కొట్లో ఈ మాట గొంతు పోయేలా చెప్పాను. అంతమంది మగాళ్ళలో ఒక్కడి చెవికీ ఎక్కలేదు. తలుచుకుంటే ఇప్పటికీ నాకు ఒళ్ళు మండుతుంది.

అది సీసాల ఫ్యాక్టరీలో సమ్మె జరిగిన ఎండాకాలం. మా ఆయన అక్కడ కొలిమి దగ్గర పనిచేసేవారు. కరిగిన గాజు పక్కన చలికాలంలోనే నిలబడలేం, ఇక ఎండల్లో సంగతి చెప్పేదేముంది. అంతకు ముందు ఏడు ఒక ముసలాయన కొలిమి ముందే కుప్పకూలిపోయాడు. ప్రాణం దక్కింది గానీ, కోలుకుని వచ్చేసరికి ఆయన ఉద్యోగం లేదు. ఇదేం అన్యాయమని అడిగిన ఇద్దరికి కూడా ఉద్యోగాలు లేకుండా పోయాయి. అందుకని సమ్మె. అడిగింది గొంతెమ్మ కోరికలేమీ కాదు. ఎండాకాలంలో కొలిమి దగ్గరి వాళ్ళని గంటకోసారి బయటికి వదిలి నీడలో కాసేపు కూర్చోనివ్వాలి, తీసేసిన ముగ్గుర్నీ మళ్ళీ పనిలో పెట్టుకోవాలి. కంపెనీతో మాట్లాడటానికి యూనియన్ వాళ్ళు మా ఆయన్ని ఎన్నుకున్నారు. ఎందుకంటే ఆయనకి కోపం రాదు. మా ఇంట్లో ఆ లోటు నేను తీరుస్తాను.

మొదటి చర్చలు ఊళ్ళో పెద్ద హోటల్లో జరిగాయి. ఈయన ఇస్త్రీ చేసిన తెల్లచొక్కా వేసుకుని వెళ్ళారు. సాయంత్రం యూనియన్ కమిటీ అంతా ఆయన వెంట మా ఇంటికొచ్చింది, ఒక్కొక్కడి మొహంలో నెత్తురు చుక్క లేదు. ముందు నోరు విప్పినవాడు మైకు. అతను సీసాలు పెట్టెలకెత్తే సెక్షన్లో పనిచేస్తాడు, గుమ్మం పట్టనంత మనిషి. గేటు మీటింగుల్లో అతనికి మైకు అవసరం ఉండదు గనక ఆ పేరు.

"అడుగు వదినా, మీ ఆయన ఏం చేసొచ్చాడో అడుగు."

నేను ఆయన వైపు చూశాను. ఆయన చెప్పులు విడుస్తూ అలాగే వంగి ఉండిపోయారు.

"కంపెనీ లాయరు కాయితాల్లోంచి తల ఎత్తకుండా, బాబూ కాసిని మంచినీళ్ళు పట్రా అన్నాడు. హోటల్ కుర్రాడనుకున్నాడు. ఈయనేం చేశాడో తెలుసా? లేచెళ్ళి తెచ్చిచ్చాడు. గ్లాసు కింద పళ్ళెం పెట్టి మరీ."

మూల మంచమ్మీంచి మా అత్తగారు అందుకుంది. "దాహమన్నవాడికి నీళ్ళివ్వడం తప్పేంట్రా? నేనే నేర్పాను."

"తప్పు కాదు పెద్దమ్మా. నీళ్ళిచ్చినవాడి మాట ఆ తర్వాత ఎవడూ వినలేదు. అదీ తప్పు."

మైకు అన్నదాంట్లో అబద్ధం లేదు. అందుకే నాకు ఇంకా మంట. ఆయన మీద, ఆ లాయరు మీద, మా అత్తగారి పెంపకం మీద. ఆ రాత్రే కమిటీ తీర్మానం చేసింది, మళ్ళీ చర్చలకి వెళ్ళేటప్పుడు ఆయన సూటు వేసుకోవాలని. అందరూ తలా కాస్త వేసుకున్నారు. సమ్మెలో ఉన్నవాళ్ళ జేబుల్లో ఏముంటుంది? కొత్త సూటు గుడ్డ ముక్కకి కూడా చాలదు. పాత కోట్ల కొట్టే గతి అని తేలింది. నాకు కుట్టుపని వచ్చు కాబట్టి నన్నూ రమ్మన్నారు. మిషను మీద ప్యాంట్లు కురచ చేయడం, జిప్పులు మార్చడం, పొట్ట పెరిగినవాళ్ళ బట్టలు వదులు చేయడం నాకు ఇంటి దగ్గరి పని.

కొట్టు ఒక పొడవాటి చీకటి గది. రెండు వైపులా ఇనుప కడ్డీలకి కోట్లు వేలాడుతున్నాయి, గదంతా కలరా ఉండల వాసన. కమిటీ అందులో ఊపిరాడకుండా నిండిపోయింది. నేను కడ్డీ వెంట వెళ్తూ, భుజం కుట్టు ఒక్కటే చేత్తో కొలుచుకుంటూ, ఒక బూడిదరంగు కోటు తీశాను. మోచేతుల దగ్గర కాస్త మెరుపొచ్చింది తప్ప గుడ్డ గట్టిది. ఆయనకి తొడిగాను. భుజం ఎముక ఎక్కడ ఆగిందో కుట్టు అక్కడే ఆగింది. కాలరు మెడకి ఆనుకుని కూర్చుంది. గుండీ పెడితే ముడత పడలేదు. ఏళ్ళ తరబడి కొలిమిలోంచి కరిగిన గాజు తీసే ఇనుప కడ్డీ మోసి ఆయన కుడి భుజం కొంచెం కిందికి జారి ఉంటుంది, అక్కడ లోపల ఇంత దూది పెడితే సరి.

"ఇదే," అన్నాను.

"ఏదీ, ఇలా ఇవ్వు వదినా," అన్నాడు మైకు.

కోటు విప్పించి తను తొడుక్కోబోయాడు. చెయ్యి మోచేతి దాకా వెళ్ళి ఇరుక్కుపోయింది. కొట్టువాడు కంగారుగా పరిగెత్తుకొచ్చి వెనక్కి లాగాడు.

"ఇది కుదరదు," అన్నాడు మైకు.

"నీకెందుకు కుదరాలి? వెళ్ళేది మీ అన్నయ్య కదా."

"ఈసారి అన్న వెళ్తాడు. ఇంకోసారి నేను వెళ్ళొచ్చు, కోశాధికారి వెళ్ళొచ్చు. అందరి డబ్బు వదినా ఇది. కోటంటూ కొన్నాక అందరికీ సరిపోవాలి."

"అందరికీ సరిపోయేది దుప్పటి. కోటు కాదు."

ఎవరో కిసుక్కున నవ్వారు గానీ నా మాట చెల్లలేదు. కోశాధికారి సన్నగా, ఈనెపుల్లలా ఉంటాడు. యూనియన్ సొమ్ముతో ఒక మనిషికి కొలత పెట్టి కొనడం పద్ధతి కాదని అతను కూడా నెమ్మదిగా నసిగాడు. ఇక అక్కడ మొదలైంది తమాషా. కడ్డీ చివర ఎవరూ కొనక ఎన్నాళ్ళుగానో పడి ఉన్న నీలం సూటొకటి తీయించారు. ఏ పహిల్వానుదో. వంతులవారీగా ఒక్కొక్కడూ తొడుక్కుని అద్దంలో చూసుకున్నాడు. కోశాధికారి అందులో కనబడకుండా పోయాడు. మైకుకి భుజాల దగ్గర జారి, పొట్ట దగ్గర పట్టేసింది. మా ఆయనకి చేతులు వేళ్ళ దాకా వేలాడాయి. ఒక్కడికీ సరిపోలేదు గనక అందరికీ సమానంగా ఉందని తృప్తిపడ్డారు. వదిలించుకున్న ఆనందంలో కొట్టువాడు ప్యాంటు మీద బెల్టు ఊరికే ఇచ్చాడు.

"మీరైనా చెప్పరేంటి?" అన్నాను దారిలో మా ఆయనతో.

"వాళ్ళ డబ్బు కదా," అన్నారాయన.

రెండోసారి చర్చల కథ మైకు చెప్పలేదు. ఆయనే చెప్పారు, అదీ నేను పీకి పీకి అడిగితే. కంపెనీ మేనేజరు ఆయన్ని పైనుంచి కిందికి చూసి, మర్యాదగానే, "మీ నాన్నగారిదా?" అన్నాడట. ఈయన నిజాయితీగా, "కాదండీ, యూనియన్‌ది," అన్నారట. ఇక బల్ల చుట్టూ ఉన్నవాళ్ళంతా నవ్వు ఆపుకోలేకపోయారు. ఆ తర్వాత కొలిమి వేడి గురించి చెప్పబోయి చెయ్యెత్తితే, కోటు మొత్తం చెవుల దాకా లేచిందట. దించుకుని మళ్ళీ మొదలుపెడితే మళ్ళీ లేచిందట. చేతులు ఒళ్ళో పెట్టుకుని, నీళ్ళు నమిలి వచ్చేశారు.

అన్నీ చెప్పి, గోడ వైపు తిరిగి పడుకున్నారు. కొలిమి దగ్గర అంతకాలం నిలబడిన మనిషి అలా ముడుచుకుని పడుకుంటే చూడలేకపోయాను. మర్నాడు ఆయన బయటికి వెళ్ళగానే ఆ నీలం కోటు మిషను మీద పరిచి కుట్లు విప్పడం మొదలెట్టాను. చేతులు ఊడదీశాను. లోపలి పట్టుగుడ్డ ఊడదీశాను. ఒక్కొక్క కుట్టూ తెగుతుంటే నాకు కాస్త కాస్త ఊపిరి ఆడింది.

మా అత్తగారు కింద కూర్చుని దారప్పోగులు ఏరుతోంది. నేను కత్తెర తీసేసరికి అంది, "వాళ్ళని అడిగావా?"

"ఎవర్ని?"

"యూనియన్ వాళ్ళని. కోటు వాళ్ళది కదే."

"నవ్వింది మీ అబ్బాయిని చూసి. వాళ్ళని చూసి కాదు."

"అడిగితే పోయేదేముంది?"

"అడిగితే మళ్ళీ అందరూ వచ్చి తలా ఓ చెయ్యి వేస్తారు అత్తయ్యా. ఈసారి ఒక కాలు మైకు కొలతకీ, ఒక కాలు కోశాధికారి కొలతకీ కుట్టమంటారు."

ఆవిడ నవ్వాపుకుంటూ, "నీ నోటికి దణ్ణం," అంది. మళ్ళీ అడగలేదు.

భుజాలు రెండు వైపులా కోశాను. వీపు కోశాను. చంక దగ్గర పైకి ఎత్తి కుట్టాను, చెయ్యెత్తినా కోటు కదలకుండా. మామూలుగా ఇలాంటి పనిలో కుట్టు లోపల కొంత గుడ్డ మిగల్చాలి, రేపు అవసరమైతే వదులు చేసుకోవడానికి. నేను మిగల్చలేదు. మిగిలిస్తే పైకి ఉబ్బెత్తుగా కనబడుతుంది, అదొక కారణం. ఇది ఇంకెవడి ఒంటికీ పట్టకూడదని నా కడుపులో ఉంది, అది రెండోది. కుడి భుజంలో దూది కూరాను, ప్యాంటు నడుము బిగించి కురచ చేశాను. పూర్తయ్యాక ఆయన్ని నిలబెట్టి తొడిగితే, పెళ్ళయిన ఇన్నాళ్ళలో మొదటిసారి ఆయన భుజాలు రెండూ ఒక్క ఎత్తులో కనబడ్డాయి.

ఆయన అద్దంలో చూసుకుని, "ఇది అదేనా?" అన్నారు.

"అదే."

"వాళ్ళేమంటారో."

"ముందు ఆ నవ్విన నోళ్ళు మూయించి రండి. వీళ్ళ సంగతి తర్వాత."

మూడోసారి చర్చలప్పుడు ఫ్యాక్టరీ వాళ్ళంతా హోటల్ ఎదురుగా రోడ్డవతల నిలబడ్డారు. నేనూ వెళ్ళాను. పొద్దున లోపలికి వెళ్ళేటప్పుడు తలుపు దగ్గరి కాపలావాడు ఆయనకి సలాం కొట్టి తలుపు తీశాడు. అది చూసి నా మనసు కుదుటపడింది. ఎండ నడినెత్తికొచ్చింది. తారు మెత్తబడి చెప్పులకి అంటుకుంటోంది. మధ్యాహ్నం దాటాక అద్దాల తలుపు తెరుచుకుని, కోట్లు వేసుకున్నవాళ్ళు గుంపుగా మెట్ల మీదికి వచ్చారు.

నా పక్కన కొలిమి సెక్షన్ కుర్రాడొకడు కళ్ళకి చెయ్యడ్డం పెట్టుకుని, "మనోడేడి?" అన్నాడు.

"అదిగో, ఎడమ చివర," అన్నాను నేను, గర్వంగా.

"ఓహో," అన్నాడతను. అంతే.

మేనేజరు ఆయనకి చెయ్యి కలిపాడు. ఆయన భుజం మీద, నేను దూది కూరిన చోటే, చెయ్యి వేసి ఏదో అన్నాడు. ఆయన నవ్వారు. రోడ్డు దాటి ఇవతలికి వచ్చి, కొలిమి దగ్గర గంటకోసారి విరామం ఒప్పుకున్నారనీ, ముగ్గురూ మళ్ళీ పనిలోకి వస్తారనీ, సమ్మె రోజుల జీతం మాత్రం రాదనీ చెప్పారు. చప్పట్లు కొట్టారు. ఆ ముసలాయన మా ఆయన చేతులు పట్టుకుని ఏడ్చాడు. మైకు కూడా కొట్టాడు చప్పట్లు, నేను కళ్ళారా చూశాను.

వారం తిరక్కుండానే కోశాధికారి భార్య ఒక లంగా పట్టుకుని మా ఇంటికొచ్చింది, అంచు కుట్టమని. కుట్టేదాకా కూర్చుంది. లేచేటప్పుడు, ఏదో గుర్తొచ్చినట్టు, "అక్కా, బావగారికి కంపెనీ వాళ్ళు కొత్త సూటు కుట్టించారటగా," అంది.

నాకు నవ్వొచ్చింది. "కంపెనీ ఏంటి? అది మనవాళ్ళు కొన్నదే."

"మనవాళ్ళు కొన్నది ఇంతుండేది కదక్కా," అని రెండు చేతులూ బార్లా చాచి చూపించింది. "మా ఆయన తొడుక్కున్నాడు కదా. ఆయనకి తెలీదా?"

"నేను కుట్టాను దాన్ని."

"ఏమో అక్కా. సమ్మె రోజుల జీతం ఊరికే వదిలేశాడా అంటున్నారు అందరూ. నేను కాదు."

అరికాలి మంట నెత్తికెక్కడమంటే ఏమిటో నాకు ఆ పూట తెలిసింది. తమ చేతుల్తో బేరమాడి కొన్న కోటు, తమ ఒంటిమీద వేసుకుని అద్దంలో చూసుకున్న కోటు, సరిగ్గా కుదిరేసరికి తమది కాదనుకున్నారు. తమలో ఒకడికి బట్టలు అంత బాగా కుదరడం వాళ్ళ ఊహకి అందలేదు. కుదిరిందంటే ఎవడో పెద్దవాడు ఇచ్చి ఉండాలి. ఇచ్చాడంటే ఈయన ఏదో అమ్మి ఉండాలి. ఇదీ వాళ్ళ లెక్క.

ఆయనతో చెబితే, "అనుకుంటే అనుకోనీ, పోతుంది," అన్నారు. పోలేదు. గేటు దగ్గర మీటింగు పెట్టారు. ఆయన్ని కోటు వేసుకుని రమ్మన్నారు. నేను కోసిన ముక్కలన్నీ సంచిలో వేసుకుని వెనకాలే వెళ్ళాను. ఆడవాళ్ళు గేటు మీటింగుకి రావడం అలవాటు లేదు, ఎవరో ఏదో అనబోయారు గానీ నా మొహం చూసి తప్పుకున్నారు.

బల్ల మీద సంచి బోర్లించాను. నీలం గుడ్డ పేలికలు కుప్పగా పడ్డాయి.

"చూసుకోండి," అన్నాను. "భుజం ముక్కలు ఇవి. వీపువి ఇవి. చేతులవి ఇవి. కంపెనీ వాడు నాకు పేలికలు కూడా కుట్టించి ఇచ్చాడా?"

కోశాధికారి ఒక ముక్క తీసి మా ఆయన కోటు పక్కన పెట్టి చూశాడు. అటు తిప్పాడు, ఇటు తిప్పాడు. "అదే గుడ్డ," అన్నాడు చివరికి. జనంలో ఒక్కసారి గుసగుస ఆగింది. ఇక ఇంటికి వెళ్ళిపోవచ్చు అనుకున్నాను నేను. ఆయన పరువు పేలికల్లో పెట్టి మోసుకొచ్చి వాళ్ళ ముందు పోశాను, ఇంకేం కావాలి?

అప్పుడు మైకు లేచాడు. గట్టిగా అరవలేదు. అతని గొంతు అంత మెల్లగా నేనెప్పుడూ వినలేదు.

"అంటే, అందరి డబ్బుతో కొన్న కోటుని, మీ ఆయనకి ఒక్కడికే పట్టేలా కోసేశావన్నమాట వదినా. ఎవర్నీ అడక్కుండా."

"పట్టబట్టే కదా వాళ్ళు ఒప్పుకున్నది. మీ అందరికీ విరామం ఎలా వచ్చిందనుకున్నావు?"

"మేము ఎండలో నిలబడితే వచ్చింది," అన్నాడు మైకు. "కోటుకి రాలేదు."

దానికి చప్పట్లు పడ్డాయి. కొన్ని చప్పట్లు కొలిమి సెక్షన్ వైపు నుంచే. నేను మా ఆయన వైపు తిరిగి, "నోరు విప్పండి. మీరు లోపలేం మాట్లాడారో చెప్పండి," అన్నాను.

ఆయన కోటు విప్పారు. మడత నలగకుండా, లోపలి పట్టు పైకి వచ్చేలా మడిచి, బల్ల మీద పెట్టారు.

"కోసిన మాట నిజమే కదా," అన్నారు.

తీసెయ్యాలని జనం చేతులెత్తి ఓటేశారు. ఆయన్ని కమిటీలోంచి తీసేశారు. నేను ఆయనతో ఆ రోజు మాట్లాడలేదు, మర్నాడు కూడా మాట్లాడలేదు. మా అత్తగారు మా ఇద్దరి మధ్యా కబుర్లు మోసింది. మూడోవాళ్ళెవరైనా ఆయన్ని అంత మాట అని ఉంటే నేను గోళ్ళతో రక్కేదాన్ని. ఆయన తన్ను తానే అనుకుంటే ఎవర్ని రక్కాలి?

ఆరిన కొలిమి మళ్ళీ రాజుకుని ఫ్యాక్టరీ మొదలైంది. ఎండలు ముదిరాయి. ఒకరోజు ఆయన భోజనం డబ్బా మర్చిపోయి వెళితే, నేనే పట్టుకుని వెళ్ళాను. గేటువాడు నన్ను ఎరుగును, లోపలికి వదిలాడు. సరిగ్గా విరామం గంట కొట్టారు. కొలిమి షెడ్డు బయట రేకుల పందిరి కొత్తగా వేశారు, దాని కింద బెంచీలు. కొలిమి దగ్గరి వాళ్ళంతా చొక్కాలు తడిసి ముద్దయి బయటికొచ్చి కూలబడ్డారు. కుండలోంచి నీళ్ళు వంపుకుని తలమీద పోసుకున్నారు, తాగారు. అందులో ఆయన లేరు.

షెడ్డు గుమ్మం దాకా వెళ్ళాను. ఆ వేడికి నా కనురెప్పలు కాలినట్టయ్యాయి. లోపల ఆయన ఒక్కరే, కడ్డీ పట్టుకుని, కొలిమి నోటి ముందు నిలబడి ఉన్నారు.

"బయటికి రండి. గంట కొట్టారు."

"విన్నాను."

"మరి?"

"వస్తే, ఈ విరామం నా సుఖం కోసమే తెచ్చుకున్నానంటారు."

"అననీండి."

ఆయన మొహం కొలిమి వైపు తిప్పుకున్నారు. మెడ వెనక చర్మం ఎర్రగా కమిలి ఉంది. మొదట్నుంచీ ఇదే చేస్తున్నారని, ఒక్క విరామానికీ బయటికి రాలేదని, అప్పుడు అర్థమైంది. ఇంట్లో ఒక్క మాట చెప్పలేదు. డబ్బా గుమ్మం దగ్గర పెట్టి వెనక్కి తిరిగాను.

బెంచీ మీద వాళ్ళందరికీ తెలుసు. ఎవరూ నా మొహంలోకి చూడలేదు. మళ్ళీ పనిలోకి వచ్చిన ముసలాయన ఒక్కడు కాస్త పక్కకి జరిగి, చేత్తో బెంచీ తుడిచి, "కూర్చో అమ్మా, ఇక్కడ చల్లగా ఉంది," అన్నాడు.

నేను కూర్చోలేదు. వాళ్ళలో ఎవడైనా లేచి, లోపలికి వెళ్ళి, ఆయన చెయ్యి పట్టుకుని తీసుకొస్తాడేమోనని అక్కడే నిలబడ్డాను. గంట మళ్ళీ కొట్టేదాకా నిలబడ్డాను. అప్పుడు మాత్రం అందరూ ఒక్కసారే లేచారు.